వాకబు వచ్చిన మధ్యాహ్నం

రాతపరీక్ష గట్టెక్కింది. పరుగు గట్టెక్కింది. బల్లకు అటువైపు కూర్చున్న పెద్దలు అడిగినవాటికి జడ్జి తడబడకుండా జవాబులు చెప్పింది. ఆ పిల్లకు ఇంట్లో ఆ పేరు చిన్నప్పుడే స్థిరపడింది. అన్నతో తగవు పడేదీ తనే, చివరికి తీర్పు చెప్పేదీ తనే. చదువయ్యాక ఆడిటరు ఆఫీసులో లెక్కలు సరిచూసే ఉద్యోగంలో చేరి, అక్కడి నుంచే కేంద్ర ప్రభుత్వపు దర్యాప్తు శాఖకు దరఖాస్తు పెట్టింది. ఇంకా రెండు గడపలు దాటాలి. ఒకటి, శాఖ మనిషి వచ్చి ఇరుగుపొరుగునూ ఇంటివాళ్ళనూ కదిపి చూసే వాకబు. రెండోది, అబద్ధాలు పట్టే యంత్రం ముందు కూర్చోవడం. అది రేపు పొద్దున్న.

నిరుడు వానల్లో ఆమె అన్న పోయాడు. అతను నడుపుతున్న సరుకుల లారీ చెక్‌పోస్టు దగ్గర ఆగకుండా దూసుకుపోయి, మలుపులో బోల్తాపడింది. పార్సిళ్ళ అడుగున నకిలీ మందుల పెట్టెలు దొరికాయి. దొంగ సరుకుతో పారిపోతూ డ్రైవరు చనిపోయాడని శాఖ తేల్చింది. చెల్లెలు ఇప్పుడు వెళ్ళాలనుకుంటున్నది ఆ శాఖలోకే.

పోయిన వారం మనం కథ ఆపేసరికి బూడిదరంగు కారొకటి వాళ్ళ వీధిలోకి తిరిగింది. అది వాళ్ళింటి ముందు ఆగలేదు. ఎదురింటి ముందు ఆగింది.

తల్లి కుట్టుమిషను కిటికీ పక్కనే ఉంటుంది. బడిపిల్లల నిక్కర్లు ఒకవైపు గుట్టగా పడి ఉన్నాయి. ఆమె కాలు పెడలు మీద ఉంది కానీ చక్రం తిరగడం లేదు.

"అక్కా, అలా కిటికీకి అతుక్కుపోకు. ఏదో దాచినవాళ్ళం అనుకుంటాడు," అన్నాడు ఆమె తమ్ముడు, జడ్జికి మేనమామ. అంటూనే ఆమె భుజం మీదుగా తనూ తొంగిచూశాడు.

జడ్జి ముందుగదిలోంచి వంటగదిలోకి, వంటగదిలోంచి ముందుగదిలోకి తిరుగుతోంది. కుర్చీ సర్ది, మళ్ళీ దాన్ని ఉన్నచోటికే జరిపింది. నీళ్ళ గ్లాసు కడిగి, తుడిచి, మళ్ళీ కడిగింది.

"కాసేపు కూర్చోవే జడ్జీ. నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు మేనమామ. "పరుగు పరీక్ష అయిపోయిందిగా, ఇంకా ఎక్కడికి పరుగు?"

"అరగంటయింది మామయ్యా ఆయన ఆ ఇంట్లోకి వెళ్ళి. అంతసేపు ఏం మాట్లాడతారు?"

"ఏం మాట్లాడతారు, నిన్ను పొగుడుతూ ఉంటారు. అన్నీ నేను చూసుకున్నానన్నానుగా. అయినా నాకు తెలీక అడుగుతాను, జడ్జిగా పుట్టినదానివి పోలీసువై కిందికి దిగుతావేంటే?"

"పోలీసు కాదు మామయ్యా. ఎన్నిసార్లు చెప్పాలి?"

"తుపాకీ ఇస్తారా, ఇవ్వరా?"

"ఇస్తారు."

"అయితే పోలీసే," అని అతను నవ్వబోయి, నడుం పట్టుకుని గోడకు ఆనుకున్నాడు. తమ్ముడు ఒకప్పుడు లారీలు నడిపేవాడు. నడుంనొప్పి ముదిరాక స్టీరింగు వదిలేసి అదే ట్రాన్స్‌పోర్టు కంపెనీలో గోడౌను చూసుకుంటున్నాడు. మేనల్లుడికి డ్రైవరు ఉద్యోగం ఇప్పించింది అతనే. అంతకుముందు, బావ చనిపోయిన ఏడాది ఈ ఇంటి బరువంతా మారుమాట లేకుండా ఎత్తుకున్నదీ అతనే.

"వీపు దిండు ఇంకోటి కుట్టిపెడతానంటే వద్దంటావు," అంది తల్లి కిటికీలోంచి చూపు మరల్చకుండా. "బస్సులో మర్చిపోయి వచ్చేశావు, ఇప్పుడు గోడలు పట్టుకుని తిరుగుతున్నావు."

"పోనీలే అక్కా. నువ్వు కుట్టింది పోయాక ఇంకోటి అలవాటు కాదు."

కారు మనిషి ఎదురింట్లోంచి పక్కింటికి, అక్కడి నుంచి వీధి చివర కొట్టుకు వెళ్ళాడు. ఎక్కడా తొందరపడలేదు. అన్నీ అయ్యాక, ఎండ కాస్త వాలుతుండగా వాళ్ళ గుమ్మం ముందు నిలబడి తలుపు తట్టాడు.

పొడుగ్గా, కాస్త వంగి ఉన్నాడు. కోటు పాతది. రెండో బొత్తాం దారం మీద వేలాడుతోంది. తల్లికి మొదట కనిపించింది అదే. అతను గుర్తింపు కార్డు చూపించి, మంచినీళ్ళు అడిగి, పూర్తిగా తాగి, అప్పుడు జడ్జి వైపు తిరిగాడు.

"నువ్వు బయటికి వెళ్ళాలమ్మా. పద్ధతి. మీ అమ్మగారితో మాట్లాడేటప్పుడు నీ నీడ కూడా ఈ గదిలో ఉండకూడదు."

"తెలుసండీ," అంది జడ్జి. తల్లి వైపు ఒకసారి చూసింది. మేడమెట్ల వైపు వెళ్ళిపోయింది.

"మీరు?"

"నేను మేనమామనండీ. బిస్కట్లు తెస్తాను, టీలోకి."

"నాకొద్దండీ. మంచినీళ్ళ వరకే మాకు అనుమతి."

"మీకు కాదులెండి, మాకే," అంటూ తమ్ముడు చెప్పులేసుకుని బయటపడ్డాడు.

గదిలో ఇద్దరే మిగిలారు. ఆమె బొత్తాం వైపే చూస్తోందని అతను గమనించాడు.

"ఊడిపోయేలా ఉంది. ఇలా ఇవ్వండి, రెండు కుట్లు వేస్తాను," అంది తల్లి.

"అదీ పుచ్చుకోకూడదమ్మా."

"బొత్తాం కూడానా?"

"బొత్తాంతోనే మొదలవుతుంది," అని నవ్వాడు అతను. నవ్వినప్పుడు ముఖం మెత్తబడింది.

"మీరు పోలీసులా లేరు."

"నేను పశువుల డాక్టర్నమ్మా. గుర్రాలకు మందులెక్కించి పందేలు గెలిచేవాళ్ళ కేసులో సాక్ష్యం చెప్పడానికి వెళ్ళాను. పనంతా అయ్యాక ఇంటికి వెళ్ళబుద్ధి కాలేదు. మా దగ్గర సైన్యంలోంచి వచ్చినవాళ్ళున్నారు, పోలీసుల్లోంచి వచ్చినవాళ్ళున్నారు, లా చదివినవాళ్ళు, నర్సులు, పడవలు నడిపినవాళ్ళు కూడా. మీ అమ్మాయిది లెక్కల దారి. దొంగ సరుకు ఎంత లోతున దాచినా ఎక్కడో ఒకచోట లెక్కలోకి రావాల్సిందేగా. ఏ దారిన వచ్చినా అందరూ దాటాల్సిన గుమ్మం మాత్రం ఇదే. ఇల్లు."

అతను పెన్ను తీశాడు కానీ రాయలేదు.

"ఎదురింటావిడ ఏమన్నారో చెప్పనా? 'బంగారంలాంటి పిల్లండీ, తల దించుకుని వెళ్తుంది, తల దించుకుని వస్తుంది.' పక్కింటాయనా అదే అన్నారు. కొట్లో ఆవిడా అదే. తల దించుకుని నడిచే మనిషి మాకెందుకమ్మా? మాది తలెత్తి చూసే పని."

తల్లికి నవ్వు రాబోయి ఆగిపోయింది. ఎదురింటావిడ ఎవరినీ పొగిడే రకం కాదు.

"మంచిగా చెప్పారని నా ఇబ్బంది కాదు," అన్నాడు అతను. "ఒక మనిషిని ముగ్గురు చూస్తే మూడు రకాలుగా చెబుతారు. కోపం ఎక్కువంటారు, అరువిచ్చిన గొడుగు తిరిగివ్వలేదంటారు, పాట బాగా పాడుతుందంటారు. ఒకే మాట ముగ్గురి నోట వింటే, మేం నాలుగో మనిషి కోసం వెతుకుతాం. చెప్పించిన మనిషి కోసం."

ఆమె మెడలో వేలాడుతున్న కొలతల టేపును చేతికి చుట్టుకుంది, విప్పింది.

"ఇంకొకటి కూడా ముగ్గురూ చెప్పారు," అన్నాడు అతను. ఈసారి గొంతు తగ్గించాడు. "ఈ ఇంట్లో ఒక్కతే పిల్లట. అన్నదమ్ములు లేరట."

తల్లి కిటికీ వైపు తిరిగింది. కిటికీలోంచి ఎదురింటి మెట్లు కనిపిస్తున్నాయి. ఆ మెట్ల మీదుగా గ్యాసు బండలు మోసినవాడు ఎవరు? పక్కింటాయన కాలు విరిగినప్పుడు ఆస్పత్రికి ఎత్తుకుని పరుగెత్తినవాడు ఎవరు? కొట్లో ఆవిడ పొద్దున్నే షట్టరు ఎత్తలేకపోతే, 'తప్పుకో పిన్నీ' అంటూ ఒంటి చేత్తో ఎత్తేసి వెళ్ళినవాడు ఎవరు? ముగ్గురూ వాణ్ణి కాటికి సాగనంపినవాళ్ళే. ఆ ముగ్గురే ఇవాళ వాడు అసలు పుట్టలేదన్నారు.

"నాకు కొడుకు ఉన్నాడు," అంది. "రాసుకోండి."

అతను రాసుకున్నాడు. ఆమె 'ఉన్నాడు' అన్నదాన్ని అతను సరిదిద్దలేదు.

"మీ అమ్మాయి రాసిందమ్మా, మొదటి రోజే. అన్న ఎవరో, ఎలా పోయాడో, కేసు ఎవరు చూశారో, అన్నీ. ఆమె దాచలేదు. మరి వీధి వీధంతా ఎందుకు దాచింది? అది నాకు తెలియాలి."

"ఆ పిల్ల అలాంటి పని చేయించదు."

"చేయించదనే నేనూ అనుకుంటున్నాను. మరి ఎవరు?"

'అన్నీ నేను చూసుకున్నానన్నానుగా' అన్న మాట ఆమె చెవిలో మోగింది. అతను ఎదురుచూశాడు. ఎదురుచూడటం అతని పనిలో భాగమని ఆమెకు అర్థమైంది.

"మా తమ్ముడు చెప్పించి ఉంటాడు," అంది చివరికి. "పిల్లకు అడ్డం వస్తుందేమోనని. మంచికేనండీ. వాడు మాకు చేసినవన్నీ మంచికే."

"అయి ఉండొచ్చు," అన్నాడు అతను. అది కూడా రాసుకున్నాడు. "ఇంకొక్కటి అడుగుతాను. ఇది మాత్రం ఆలోచించుకుని చెప్పండి. మీ అమ్మాయికి ఈ ఉద్యోగం ఎందుకు?"

తల్లి చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

దేశసేవ అని చెప్పవచ్చు. బిస్కట్ల కోసం వెళ్ళిన తమ్ముడు రోజూ నూరిపోసిన జవాబు అదే. అలా చెబితే పిల్ల రేపు యంత్రం ముందుకు వెళ్తుంది, గెలుస్తుంది, ఒకరోజు రాత్రిళ్ళు రోడ్ల మీద లారీలు ఆపే ఉద్యోగానికి వెళ్ళిపోతుంది. నిజం చెబితే ఇక్కడితో ఆగుతుంది. కడుపున పుట్టినవాళ్ళలో మిగిలిన ఈ ఒక్కతీ సాయంత్రానికి ఇంటికి చేరే మామూలు ఉద్యోగంలోనే ఉండిపోతుంది. నిజానికే ఇంత ఆశ చూపిస్తే, దాన్ని నిజం కోసం చెబుతున్నానో నా కోసం చెబుతున్నానో తెలిసేదెలా, అనుకుంది ఆమె.

"వాళ్ళన్న దొంగ కాదని తేల్చడానికి," అంది. "నాతో ఎప్పుడూ అనలేదు. కానీ నా పిల్ల నాకు తెలుసు. ఈ మాటతో మీరు వద్దంటారనీ తెలుసు. వద్దంటే నాకు హాయి కూడా. కానీ నేను అందుకు చెప్పలేదండీ. మీరు అడిగారు, చెప్పాను."

అతను ఆ మాట కూడా రాసుకున్నాడు. తర్వాత పెన్ను మూత పెట్టాడు.

"మీ అమ్మాయీ ఇంటర్వ్యూలో ఇదే చెప్పింది. ఇంచుమించు ఇవే మాటలు. ఎవరో నేర్పిన మాటలు కావని మాత్రం నాకు తెలుస్తోంది. ఇందాకటి ముగ్గురి మాటల కన్నా ఈ ఒక్క జవాబు నాకు ఎక్కువ." ఆగాడు. "కానీ ఆమె దానితోపాటు ఇంకో మాట కూడా అంది. ఆ కేసు తనకు ఎప్పటికీ అప్పగించవద్దంది. తన చేతికి రానివ్వొద్దని తనే అడిగింది. అన్న కోసం వచ్చిన మనిషి అన్న కేసే వద్దంటుందా? అది మాత్రం మాకెవరికీ అర్థం కాలేదు."

తల్లికీ అర్థం కాలేదు.

అతను లేవబోతూ బీరువా పైకి చూశాడు. అక్కడ ఖాకీ గుడ్డసంచి ఒకటి ఉంది. లారీ క్యాబిన్లో దొరికినవంటూ శాఖవాళ్ళు తెచ్చిచ్చినప్పటి నుంచీ అది అక్కడే ఉంది.

"మాదేనా?"

"మీదే. తెరవలేదండీ. చేతులు రాలేదు."

అతను దగ్గరికి వెళ్ళి తల ఎత్తి చూశాడు. చేయి మాత్రం వేయలేదు. "మేం తాడు రెండు చుట్లు చుట్టి కొసలు లోపలికి దూర్చేస్తాం. లాగితే రాదు, కోయాల్సిందే. దీనికి ఉన్నది పువ్వు ముడి." ఆమె ముఖం చూసి, గొంతు మార్చాడు. "మీకిచ్చేసిన వస్తువమ్మా. అడిగే హక్కు నాకు లేదు. రేపు ఆ గదిలో మాత్రం అడుగుతారు. నీ గురించే కాదు, నీ వాళ్ళెవరి గురించైనా మా దగ్గర దాచింది ఉందా, అని. ఉన్నా చెప్పేస్తే దారి ఉంటుంది. దాచి దొరికితే ఈ ఉద్యోగమే కాదు, ఇక ఏ ప్రభుత్వ గుమ్మమూ ఎక్కనివ్వరు. ఆమెతో చెప్పండి."

వేలాడే బొత్తాంతోనే అతను వెళ్ళిపోయాడు.

కారు చప్పుడు వీధి మలుపు దాటకముందే జడ్జి మెట్లు దిగి వచ్చింది.

"ఏమన్నాడమ్మా?"

తల్లి బీరువా వైపు చూపించింది. "ఆ ముడి నీది. చిన్నప్పుడు బూట్లకు కట్టుకునేదానివి. అన్నయ్యకూ నువ్వే కట్టేదానివి."

జడ్జి బుకాయించలేదు. స్టూలు లాగి, ఎక్కి, సంచి దించి, అమ్మ ముందు మిషను బల్ల మీద పెట్టింది.

"నువ్వు చూడలేవని నేను చూశానమ్మా. దరఖాస్తు పెట్టాక, ఇంటర్వ్యూకి ముందు."

"తెరువు."

ముందు కళ్ళజోడు పెట్టె వచ్చింది. జడ్జి దాన్ని తెరిచి చూపించింది. అద్దాలు పగల్లేదు. పుల్లలు మడిచి ఉన్నాయి. తుడిచే గుడ్డ వాటి మీద సాపుగా పరిచి ఉంది. ఆ గుడ్డ అంచు కుట్టింది తల్లే.

"లారీ బోల్తాపడిందన్నారు. అద్దం మీద గీత కూడా పడలేదు," అంది తల్లి మెల్లగా.

"పెట్టెలో ఉన్నాయి కాబట్టమ్మా. అన్నయ్య కళ్ళజోడు తీసి పెట్టెలో పెట్టేది ఎప్పుడు?"

"పడుకునేటప్పుడు." కళ్ళజోడు లేకుండా వాడికి గోడ మీద గడియారం కూడా కనిపించేది కాదు. "వాడు నిద్రపోతున్నాడు."

"పక్కసీట్లో. శాఖవాళ్ళు ఇంకో జత ఉండుంటుందనుకుని ఉంటారు. మనింట్లో రెండో జత ఎక్కడిదమ్మా?"

"మరి బండి..."

జడ్జి సంచిలో చేయి పెట్టి, ఒక క్షణం అలాగే ఉంచి, రెండోది తీసింది. తీసి అమ్మ ఒళ్ళో పెట్టింది.

అది వీపు దిండు.

తల్లి దాన్ని తిప్పి చూడాల్సిన అవసరం లేదు. అయినా తిప్పింది. బడి నిక్కర్ల గుడ్డ మిగిలితే కుట్టింది. లోపలి దూది ఒక మూలకు పోగవకుండా మధ్యలో అడ్డంగా వేసిన కుట్లు. సీటుకు కట్టుకోవడానికి రెండు నాడాలు. ఒకటి కాస్త పొడుగు, వాడేవాడి నొప్పి ఎడమవైపు కాబట్టి దిండు ఆ పక్కకు జరిగి నిలవాలని. ఒక మనిషి నడుం కొలిచి, ఆ మనిషికే కుట్టిన వస్తువు. కొడుకు మెడ నుంచి మడమ వరకు కొలతలన్నీ ఆమెకు తెలుసు. ఇది వాడిది కాదు.

ఆ వానరోజుల్లో తమ్ముడు జ్వరమని సెలవు పెట్టాడు. దిండు బస్సులో మర్చిపోయానన్నదీ అప్పుడే. శవం వచ్చాక కూడా రెండో రోజుకు గానీ రాలేదు. వచ్చి ఆమె కాళ్ళ దగ్గర కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమే ఊరుకోబెట్టింది.

"నాకూ నమ్మబుద్ధి కాలేదమ్మా," అంది జడ్జి. "ఎవరితోనూ అనలేదు. ఆ కేసు నా చేతికొస్తే నేను మామయ్యను పట్టుకోవాలి. అందుకే వద్దన్నాను. ఎవరో ఒకరు ఎప్పటికైనా కనుక్కుంటారు, నేను కాకపోతే చాలనుకున్నాను. కానీ రేపు అడుగుతారు. నీ వాళ్ళ గురించి దాచింది ఉందా అని. ఉందంటే మామయ్య పోతాడు. లేదంటే నేను పోతాను, అన్నయ్య ఎప్పటికీ దొంగగానే ఉండిపోతాడు." ఆమె అమ్మ వైపు తిరిగింది. "తీర్పు నాకు చేతకావడం లేదమ్మా. నువ్వు చెప్పు."

నాడా ఒకటి ముడిపడి ఉంటే, తల్లి గోటితో విప్పి సాపు చేసింది. పెద్దవాళ్ళు పోయిన ఇంట్లో తమ్ముణ్ణి తన చంక మీద వేసుకుని పెంచింది ఆమె. వాడికి బొత్తాలు పెట్టడం నేర్పింది కూడా ఆమే.

బయట చెప్పుల చప్పుడు. గేటు గొళ్ళెం తీసిన శబ్దం.

"వెళ్ళిపోయాడా పశువుల డాక్టరు?" అని తమ్ముడు వాకిట్లోంచే అరిచాడు. "కొట్లో ఆవిడ చెప్పిందిలే. జడ్జీ, నీ బిస్కట్లు తెచ్చా. క్రీమువి!"

జడ్జి దిండు అందుకుని సంచిలో పెట్టబోయింది. తల్లి ఆమె చేయి ఆపింది. లేచి, తమ్ముడు రోజూ కూర్చునే కుర్చీ దగ్గరికి వెళ్ళి, దిండును వెనక ఆనించి, పొడుగు నాడా ఎడమవైపు వచ్చేలా చూసి, రెండూ గట్టిగా కట్టింది.

తమ్ముడు బిస్కట్ల పొట్లంతో గుమ్మంలోకి వచ్చాడు. ఒక చేయి నడుం మీద ఉంది. నవ్వు ముఖం మీద ఇంకా ఉంది.

"రారా," అంది అక్క. "నడుంనొప్పి అన్నావుగా. కూర్చో."